ఉరుము నెక్కిన రౌతు

రౌతు కొద్దీ గుర్రమని మన సామెత. గుర్రం స్థానాన్ని మోటారు సైకిలు ఆక్రమించుకొన్న తరువాత కూడా ఆ మాటకు విలువ తగ్గలేదు. ఈ కొత్త రౌతులలో ప్రథమగణ్యుడు అరేబియా లారెన్సుగా ప్రసిద్ధికెక్కిన థామస్ ఎడ్వర్డ్ లారెన్సు. ఎడారిలో ఒంటెలపై ఆయన సాగించిన దండయాత్రలు లోకప్రసిద్ధాలు. ఇంగ్లండు రహదారులపై ఒంటరిగా సాగించిన లక్షమైళ్ల యాత్రను గురించి ఎరిగినవారు తక్కువ.

లారెన్సు 1888 ఆగస్టు 16న వేల్సులోని ట్రెమడాగ్ గ్రామంలో జన్మించాడు. ఆక్స్‌ఫర్డులో పెరిగాడు. దూరప్రయాణమంటే ఆయనకు బాల్యం నుంచీ ప్రీతి. 1908 వేసవిలో సైకిలుపై సుమారు 2,400 మైళ్లు తిరిగి ఫ్రాన్సులోని ప్రాచీన దుర్గాలను పరిశీలించాడు. మరుసటి సంవత్సరం సిరియాలో దాదాపు వెయ్యి మైళ్లు కాలినడకన తిరిగాడు. ఆ దుర్గాలపై వ్రాసిన వ్యాసం 1910లో ఆయనకు విశ్వవిద్యాలయంలో ప్రథమశ్రేణిని సంపాదించి పెట్టింది. తరువాత కార్కెమిష్ త్రవ్వకాలలో పనిచేస్తూ అరబ్బుల భాషనూ ఆచారాలనూ అలవరచుకొన్నాడు.

1916లో అరబ్బులు తురుష్క సామ్రాజ్యంపై తిరుగుబాటు చేశారు. బ్రిటిషు సైన్యం పక్షాన లారెన్సు వారితో కలిశాడు. 1917 జూలైలో అకాబా రేవు, 1918 అక్టోబరులో డమాస్కస్ నగరం వశమయ్యాయి. విజయం లభించింది కాని మనశ్శాంతి లభించలేదు. అరబ్బులకు స్వాతంత్ర్యం ఆశచూపిన బ్రిటను, 1916లోనే వారి భూములను ఫ్రాన్సుతో పంచుకొనే రహస్య ఒప్పందం చేసుకొని ఉన్నది. ఈ సంగతి ఎరిగి కూడా తాను వారిని యుద్ధంలో నడిపించాననే వేదన లారెన్సును విడువలేదు. 1919లో పారిస్ శాంతిమహాసభలో అరబ్బుల పక్షాన ఎంత వాదించినా ఫలితం అంతంత మాత్రమే అయింది.

ఈలోగా పత్రికలూ ప్రదర్శనశాలలూ ఆయనను వీరపురుషునిగా కీర్తించసాగాయి. తనకు తగదనుకొన్న కీర్తి ఆయనకు బరువైంది. కర్నలు హోదాను వదలి, 1922 ఆగస్టులో జాన్ హ్యూమ్ రాస్ అనే మారుపేరుతో వైమానిక దళంలో సామాన్య సిబ్బందిగా చేరాడు. కొద్ది నెలలకే పత్రికలు గుట్టు రట్టు చేయగా 1923 ఆరంభంలో అధికారులు ఆయనను పంపివేశారు. వెంటనే షా అనే పేరుతో టాంకుదళంలో చేరి, 1925లో తిరిగి వైమానిక దళానికి వచ్చాడు.

ఆ అజ్ఞాతవాసంలో ఆయనకు తోడు నిలిచినది బ్రఫ్ సుపీరియర్ మోటారు సైకిలు. నాటింగ్‌హాం పట్టణంలో జార్జి బ్రఫ్ అనే శిల్పి దీనిని తయారుచేసేవాడు. రెండు సిలిండర్లు ఏటవాలుగా అమరిన, వెయ్యి సి.సి.లకు చేరువైన ఇంజను దానిది. 1924లో వెలువడిన ఎస్.ఎస్. 100 అనే రకం గంటకు నూరు మైళ్ల వేగాన్ని అందుకోగలదని తయారీదారే హామీ ఇచ్చేవాడు. సామాన్య సైనికుని జీతానికి అందే వస్తువు కాదది. అయినా లారెన్సు వరుసగా ఏడు బండ్లు వాడాడు. వాటికి బోయనేర్గెస్ అని పేరు పెట్టుకొన్నాడు. బైబిలులో ఆ మాటకు ఉరుము పుత్రులని అర్థం. 1926 సెప్టెంబరు నాటికి నాలుగేళ్లలో ఐదు బండ్లపై లక్ష మైళ్లు పూర్తిచేశాడు.

క్రాన్‌వెల్ శిబిరంలో పగలంతా ఊడిగం చేసిన మనిషి సెలవు దొరకగానే బండి తీసి బయలుదేరేవాడు. ఒకనాడు లింకన్ మార్గంలో ఆకాశాన పోతున్న యుద్ధవిమానంతో పందెం వేసుకొని పరుగెత్తిన ముచ్చటను ఆయన స్వయంగా గ్రంథస్థం చేశాడు. రహదారి ఆయనను పేరడుగలేదు; గతాన్ని తవ్వలేదు. ఆ వేగంలో ఆయన వెదకినది వినోదంకంటె విస్మృతి.

1927లో అవిభక్త భారతదేశపు కరాచీకి బదిలీ అయి, 1928లో వజీరిస్తానులోని మిరంషాలో ఉన్నాడు. ఆఫ్గనిస్తానులోని అల్లర్లకు ఆయన గూఢచర్యమే కారణమని వదంతులు పుట్టగా, 1929 జనవరిలో ప్రభుత్వం ఆయనను బొంబాయి మీదుగా స్వదేశానికి రప్పించింది. 1931లో ప్లిమత్ వద్ద ఒక విమానం సముద్రంలో కూలడం కళ్లారా చూచి, ఆపన్నులను త్వరగా చేరగల వేగపు పడవల నిర్మాణానికి పూనుకొన్నాడు. వేగం ప్రాణరక్షణకు కూడా సాధనమని అప్పుడాయన గ్రహించాడు. కాని తన తలకు మాత్రం రక్షణ కోరలేదు.

1935 వసంతంలో ఉద్యోగ విరమణ చేసి డార్సెట్ ప్రాంతంలోని తన కుటీరం క్లౌడ్స్ హిల్‌కు చేరాడు. మే 13న సమీపంలోని బోవింగ్టన్ శిబిరానికి వెళ్లి, ఒక మిత్రునికి తంతి పంపి తిరిగి వస్తున్నాడు. రోడ్డు పల్లంలో మరుగుపడిన ఇద్దరు సైకిలు బాలురు హఠాత్తుగా ఎదుటపడ్డారు. వారిని తప్పించబోయి ఎగిరిపడ్డాడు. తలకు శిరస్త్రాణం లేదు. ఆరు రోజులు స్మృతిలేక, మే 19న నలుబదియారవ ఏట కన్నుమూశాడు. ఎనిమిదవ బండి అప్పటికింకా ఆయన చేతికి అందలేదు.

ఆ చివరి రోజులలో చికిత్స చేసినవారిలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడున్నాడు. నివారించదగిన ఆ మరణం ఆయన మనస్సులో నాటుకొన్నది. మోటారు సైకిలు ప్రమాదాలలో తల గాయాలను ఆయన శ్రద్ధగా పరిశోధించాడు. రెండవ ప్రపంచయుద్ధపు తొలి 21 నెలలలో బ్రిటిషు రోడ్లపై మోటారు సైకిళ్లు నడిపేవారు, వెనుక కూర్చున్నవారు కలిసి 2,279 మంది మరణించారనీ, వారి మరణాలకు ప్రధాన కారణం తల గాయాలేననీ 1941లో ప్రకటించాడు. శిరస్త్రాణం ధరించి గాయపడినవారు ఆయనకు ఏడుగురే కనిపించారు. వారిలో ఒక్కరూ మరణించలేదు. ఆ సంవత్సరం నవంబరులోనే బ్రిటిషు సైన్యం తన మోటారు సైకిలు భటులకు శిరస్త్రాణాన్ని విధించింది. 1973లో బ్రిటనులో అది అందరికీ చట్టమయింది. మన దేశంలో 1988 మోటారు వాహనాల చట్టపు 129వ సెక్షను అదే ఆజ్ఞాపించింది.

లారెన్సు కోరిన స్వాతంత్ర్యం అరబ్బులకు ఆనాడు దక్కలేదు. తాను కోరిన అజ్ఞాతం తనకూ దక్కలేదు. కోరకయే మిగిల్చిపోయిన మేలొకటి మాత్రం ఈనాటికీ నిలిచి ఉన్నది. కళాశాలకు బండిపై బయలుదేరే యువకుడు తలపై పెట్టుకొనే ఆ చిప్ప వెనుక, ఇద్దరు బాలురకు దారి ఇచ్చి తాను ఒరిగిన ఆ రౌతు కథ ఉన్నది.