పిడికెడు బియ్యము – బిషప్ అజరయ్య గారు

ఫోనులో కానుక పంపు ఈ దినములలో కూడ, ఖమ్మము పల్లెనుండి వచ్చిన మన యూసుఫ్‌గూడ అవ్వ యొకతె స్టీలు డబ్బాలో బియ్యము పట్టుకొని ఆరాధనకు వచ్చుచున్నది. ఆ డబ్బాను చూచినప్పుడెల్ల మాకు బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు జ్ఞాపకము వచ్చుదురు.

ఇచ్చుట మన దేశపు పాత అలవాటు. సంక్రాంతి నెలలో హరిదాసు పాత్రలో బియ్యము పోయుట తెలుగు ఇంటికి ఏ దొరయు నేర్పలేదు. అయితే మాల, మాదిగ పేటలలోని మన పెద్దలను మాత్రము లోకము పుచ్చుకొనువారిగానే చూచెను. వారిని ఇచ్చువారిగా చూచినది అజరయ్య గారు.

ఆయన 1874లో తిరునల్వేలి సీమలో ఒక గురువుగారి ఇంట జన్మించిరి. వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా నుండి, 1902లో జాఫ్నా వెళ్ళినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు సొంత ధనముతో సువార్తపని సాగించుట చూచిరి. 1903లో తిరునల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టెను. మనుష్యులు మనవారే, డబ్బు మనదే. ఆ సొసైటీ పని చేపట్టిన చోటు నైజాము రాజ్యములోని డోర్నకల్. 1909లో ఆయనే అక్కడికి వచ్చి తెలుగు నేర్చుకొనిరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తులై, ఆంగ్లికన్ సంఘములో బిషప్పైన మొదటి భారతీయుడైరి.

కూలి గింజలలో దొరకు కాలమది. రూపాయి కంటికి కానరాదు. అందుచేత వంటకు గింజలు కొలిచినప్పుడెల్ల తల్లి ఒక పిడికెడు తీసి వేరు కుండలో వేయును. ఆదివారము అది గుడికి వచ్చును. కోతల పండుగకు ధాన్యము, కోళ్లు, గుడ్లు. పురుషుని సెలవుతో పనిలేక ఇల్లాలు తన చేతితో ఇచ్చిన కానుక ఇది. దీని గొప్పతనమంతయు ఇక్కడనే యున్నదని మా అభిప్రాయము.

అర్ధాకలితో నున్నవారిని కానుక అడుగవచ్చునా? మాలో కొందరము ఇప్పటికిని వాదించుకొందుము. అజరయ్య గారు పేదలకు మినహాయింపు ఇయ్యలేదు. క్రైస్తవ దానమును గూర్చి ఆంగ్లమున ఒక పుస్తకమే వ్రాసిరి. తీర్పు చెప్పుట మాకు సులభము కాదు. ఆ పేటలలో బ్రదికినవారు ఆయన, మేము కాదు.

1939 జనవరి 6న డోర్నకల్ కెథీడ్రల్ ప్రతిష్ఠింపబడెను. గుడి స్తంభములును మసీదు గుమ్మటములును కలిసిన కట్టడము. విదేశపు కానుకలును అందులో కలవు, దాచనేల? పల్లెల పిడికెళ్లును కలవు. 1945 జనవరి 1న అజరయ్య గారు డోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించిరి.

అవ్వ తెచ్చు బియ్యమును మేము ఆరాధన ముగిసిన పిమ్మట వేలము వేయుచున్నాము. ఒకొక్క వారము అవ్వయే పాడి తిరిగి కొనుక్కొని పోవును.