అమృతాంజనం పంతులు.. పేరు మార్చలేదు, పసుపు రంగూ మార్చలేదు!

రేణిగుంట: చెన్నై-ముంబై రైళ్లు రేణిగుంట జంక్షన్ మీదుగానే వెళ్తుంటాయి. ఈ రైలు మార్గంలో ఒక కొసన పుట్టి, రెండో కొసకు చేరి స్థిరపడిన పేరు ఒకటుంది. అదే అమృతాంజనం. ఇంట్లో ఉన్నది ఏ కంపెనీ బామ్ అయినా సరే, కాస్త అమృతాంజనం ఇవ్వమ్మా అనే పెద్దవాళ్లు సీమ పల్లెల్లో ఇప్పటికీ కనిపిస్తారు. ఒక సరుకు పేరు ఇంతలా జనం నోట్లో నానిందంటే దాని వెనుక ఎవరున్నారు?

ఆయనే కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు. 1867 మే 1న కృష్ణా జిల్లాలో పుట్టారు. మచిలీపట్నంలో చదువుకున్నారు. బతుకుదెరువు కోసం మద్రాసు, కలకత్తా తిరిగి చివరికి బొంబాయి చేరారు. మందుల వ్యాపారం మెలకువలన్నీ ఆ తిరుగుడులోనే నేర్చుకున్నారు. 1893లో బొంబాయిలో సొంతంగా అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. అప్పటికి మన దేశంలో ట్రేడ్ మార్క్ రిజిస్టర్ చేయించుకునే చట్టమే లేదు. 1889 నాటి చట్టం ఒకటి నకిలీ గుర్తులు వేసేవాళ్లను శిక్షించేది, అంతే. ఎవరైనా పోలికలున్న సరుకు దించితే, ఈ పేరూ ఈ రూపూ చూడగానే జనం గుర్తుపట్టేది మా సరుకునే అని వ్యాపారే రుజువు చేసుకోవాలి. అంటే పేరు ఇవాళ ఒకలా, రేపు ఇంకోలా పెట్టుకుంటే తన కేసును తానే పాడు చేసుకున్నట్టు. చదువు రాని కొనుగోలుదారుకైతే అక్షరాలతో పనే లేదు. రంగు చూస్తాడు, వాసన చూస్తాడు. ఈ రెండూ అమృతాంజనానికి గట్టిగా అతుక్కుపోయాయి. పసుపు రంగు, మూత తీయగానే ముక్కుకు కొట్టే ఘాటు.

ప్రచారం కూడా ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ అన్నట్టు చేశారు. సంగీత కచేరీలకు వచ్చిన జనానికి ఉచితంగా పంచిపెట్టారు. రాత్రి పొద్దుపోయేదాకా కూర్చునే శ్రోతలకు తలనొప్పి మందు ఇవ్వడమంటే మామూలు తెలివి కాదు మరి!

డబ్బు వచ్చింది. పంతులు గారు దాన్ని దాచుకోలేదు. 1907 సూరత్ కాంగ్రెస్‌కు వెళ్లినప్పుడు తెలుగువాళ్లకు గట్టి పత్రిక లేదన్న వెలితి ఆయనకు తెలిసొచ్చింది. మరుసటి ఏడాదే, 1908లో, బొంబాయి నుంచే ఆంధ్రపత్రిక వారపత్రికగా వచ్చింది. 1914లో మద్రాసుకు మారి దినపత్రిక అయింది. ఊరు మారింది, వారపత్రిక కాస్తా దినపత్రిక అయింది. పేరు మాత్రం అదే. ఆంధ్ర గ్రంథమాల పేరుతో బసవపురాణం, పండితారాధ్య చరిత్ర లాంటి పాత గ్రంథాలనూ అచ్చు వేయించారు. 1924లో భారతి మాసపత్రిక వచ్చింది.

ఇందులో గమనించాల్సిన సంగతి ఒకటుంది. బామ్ పేరును పత్రికకు తగిలించలేదు, పత్రిక పేరును బామ్‌కు వాడలేదు. అమృతాంజనం అంటే మందు, ఆంధ్ర అంటే అక్షరం. రెండింటినీ కలిపేసి ఉంటే పత్రికను మందుల కంపెనీ కరపత్రం అనుకునే ప్రమాదం ఉండేది. కానీ లోపల లెక్క వేరు. పత్రికను, పుస్తకాలను నడిపించిన డబ్బు బామ్‌దే. బామ్ మీద జనానికి గురి పోతే ఆ పత్రిక, ఆ పుస్తకాలు అన్నీ కుదేలయ్యేవి. ఇక అడిగినవారికి లేదనని చెయ్యి ఆయనది. జనం ఆయనకు దేశోద్ధారక, విశ్వదాత అని బిరుదులు ఇచ్చుకున్నారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకూ వెళ్లారు. 1936లో అమృతాంజనం పబ్లిక్ లిమిటెడ్ కంపెనీ అయింది.

రాయలసీమ వాళ్లకు మాత్రం ఆయన ఇంటి పేరే ఎక్కువ తెలుసు. ఇంటి పేరంటే కాశీనాథుని కాదు, మద్రాసులో ఆయన బంగళా పేరు శ్రీబాగ్. ఆంధ్ర రాష్ట్రం వస్తే తమ గతేంటని సీమ నేతలు అడిగితే, 1937 నవంబర్ 16న ఆ ఇంట్లోనే కోస్తా నేతలతో ఒప్పందం కుదిరింది. నీళ్లు, యూనివర్సిటీ, రాజధాని లేదా హైకోర్టు.. అన్నీ అందులో ఉన్నాయి. బొంబాయిలో ఉన్న రోజుల నుంచి ఆంధ్ర అనే పేరును పత్రిక మీద అచ్చు వేస్తూ వచ్చిన మనిషి ఇంట్లోనే, ఆ పేరులో సీమకు చోటెంత అన్న ప్రశ్న తేలాల్సి వచ్చింది. ఆ ఒప్పందం ఎంత అమలైందన్న గొడవ తిరుపతి నుంచి కర్నూలు దాకా ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

ఆ తర్వాత 5 నెలలు కూడా తిరగకుండానే, 1938 ఏప్రిల్ 11న నాగేశ్వరరావు పంతులు కన్నుమూశారు. పేర్లను రిజిస్టర్ చేసుకునే ట్రేడ్ మార్క్స్ చట్టం మన దేశంలో వచ్చింది 1940లో. ఆంధ్రపత్రిక 1991లో ఆగిపోయింది. కంపెనీ 2007లో తన పేరుకు హెల్త్ కేర్ అని చేర్చుకుంది కానీ, ముందున్న అమృతాంజన్ అన్న మాటను ముట్టుకోలేదు. పసుపు బామ్ ఇప్పటికీ పసుపుగానే అమ్ముడవుతోంది.