దామెర్ల రామారావు: గోదావరిని చూడనేర్చిన చిత్రకారుడు

గోదావరీ తీరాన నిలిచిన వారందరికీ నది కనిపిస్తుంది. ఆ నదిని చూడనేర్చిన వారు మాత్రం కొందరే. అట్టివారిలో అగ్రగణ్యులు, ఆధునికాంధ్ర చిత్రకళకు ఆద్యులలో ఒకరు అయిన దామెర్ల రామారావుగారి జీవితాన్ని మన విద్యార్థులకు సంగ్రహంగా పరిచయం చేయదలచినాము.

రామారావుగారు 1897 మార్చి 8న రాజమహేంద్రవరంలో జన్మించారు. గోదావరిపై హేవ్‌లాక్ వంతెన నిర్మాణం ఆరంభమైన సంవత్సరం కూడా అదే. చిన్ననాటి నుండి వారికి చిత్రలేఖనంపై మక్కువ మెండు. ఆ మక్కువకు దారి చూపినవారు రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే. ఆయన ఆంగ్లేయుడు, స్వయంగా చిత్రకారుడు, రచయిత. అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావుగార్లు కూడా ఆయన శిష్యులే. పాలకజాతికి చెందినవాడైనా ఆయన విద్యార్థులతో స్నేహంగా మెలగి, తమ దేశపు ప్రకృతిని, తమ దేశపు శిల్పాన్ని తమ కన్నులతోనే చూడవలసినదని వారిని ప్రోత్సహించారు. రామారావుగారికి అజంతా, ఎల్లోరా గుహలను చూపించారు. 1916లో బొంబాయి జె.జె. కళాశాలలో ప్రవేశం లభించడానికి తోడ్పడ్డారు. అక్కడ రామారావుగారు ప్రథమస్థానంలో ఉత్తీర్ణులయ్యారు.

ఇంతలో 1919లో, వినికిడి శక్తి క్షీణించడం వలన, కూల్డ్రే స్వదేశానికి మరలిపోయారు. మంచిచెడ్డలు చెప్పే గురువు దూరమైన పిమ్మట శిష్యుడు తన చిత్రాలకు తానే విమర్శకుడు కావలసి వచ్చింది. వారు గుజరాత్, కాఠియావాడ్ ప్రాంతాలలో పర్యటించి, చూచినదానినల్లా పుస్తకాలలో చిత్రించుకున్నారు. 1922లో కలకత్తా ప్రదర్శనలో వారి ఋష్యశృంగ చిత్రం వైస్రాయి బహుమతిని గెలుచుకుంది. తూర్పు కనుమలలోని గోదావరిని చూపే వారి ప్రకృతి చిత్రం వైస్రాయి లార్డ్ రీడింగ్‌ను ఆకర్షించింది.

ఈ ప్రకృతి చిత్రణ విషయంలో మనం ఒక క్షణం ఆగి ఆలోచించాలి. దృశ్యం ఎంత విశాలమైతే చిత్రం అంత గొప్పగా వస్తుందని పలువురి భ్రమ. నేడు కెమెరా ప్రతి విద్యార్థి చేతి ఫోనులోనే ఉన్నది. వైడ్ యాంగిల్ కటకంతో నదిని ఈ దరి నుండి ఆ దరి వరకు ఒకే ఫోటోలో బంధించవచ్చు. కాని ఆ కటకం దగ్గరి వస్తువును పెద్దది చేసి, దూరపు వస్తువును చిన్నది చేస్తుంది. అందువలన పాపికొండలు చీమల పుట్టలవుతాయి, అఖండ గోదావరి సన్నని వెండి గీత అవుతుంది, తక్కినదంతా శూన్యాకాశమే. చిత్రకారుడు అక్కరలేనిదానిని గీయకుండా వదలగలడు. ఫోటో తీసేవాడికి ఆ వీలు లేదు. అతడు తన కాళ్లకు పని చెప్పాలి. నాలుగడుగులు ముందుకు వేసి, రేవులోని ఒక పడవనో, తడిసిన ఒక మెట్టునో చెంతకు తెచ్చుకోవాలి. అప్పుడే చూపు ఆ దగ్గరి వస్తువుపై నిలిచి, అక్కడి నుండి కొండల వరకు సాగుతుంది.

ఈ లోపాన్ని తనంతట తాను గుర్తించడం కష్టం. తోటివారు చెప్పాలి. బాగున్నదనే పొగడ్త వలన గాని, బాగులేదనే తిరస్కారం వలన గాని ఒరిగేదేమీ లేదు. చూపు మొదట ఎక్కడ పడింది, ఎక్కడ చిక్కుకున్నది, నీటిరేఖ ఏ వైపునకు ఒరిగినది, ఆకాశం ఎంత ఎక్కువైనది అని చెప్పేదే మేలు చేసే విమర్శ. ఉర్దూ కవులలో ఇస్లాహ్ అనే సంప్రదాయం ఇట్టిదే. శిష్యుడు తన గజల్‌ను ఉస్తాదు ముందుంచుతాడు. ఉస్తాదు ఒక్క మాట మార్చి ఇస్తాడు. గజల్ శిష్యునిదిగానే ఉంటుంది, కాని దాని వెలుగు పెరుగుతుంది.

తాను పొందిన ఈ భాగ్యం ఇతరులకూ అందాలని కాబోలు, రామారావుగారు రాజమహేంద్రవరంలో చిత్రకళాశాలను స్థాపించారు. భార్య సత్యవాణిగారు, సోదరి బుచ్చికృష్ణమ్మగారు కూడా చిత్రకారిణులే. కాని విధి వారిని ఎక్కువకాలం బ్రతకనీయలేదు. 1925 ఫిబ్రవరి 6న మశూచికం వాతబడి కన్నుమూశారు. ఇరవై ఎనిమిదేళ్లు నిండడానికి ఇంకా ఒక నెల ఉన్నది. 34 తైలవర్ణ చిత్రాలు, 129 నీటిరంగుల చిత్రాలు, 28 స్కెచ్ పుస్తకాలు మిగిల్చి వెళ్లారు.

దీపం ఆరినా వెలుగు ఆరలేదు. మిత్రుడు వరదా వెంకటరత్నంగారు ఆ కళాశాలను నిలిపి ఎందరినో చిత్రకారులుగా తీర్చిదిద్దారు. రామారావుగారి స్మారక చిత్రశాల నేటికీ గోదావరి గట్టున ఉన్నది. ఒక పూర్ణచిత్రం వెనుక ఎన్ని పెన్సిలు గీతలు, ఎన్ని దిద్దుబాట్లు ఉంటాయో ఆ స్కెచ్ పుస్తకాలే చెబుతాయి. మన విద్యార్థులు తమ చిత్రాలను, ఫోటోలను, రచనలను సంకోచం లేకుండా ఒకరి ముందు ఒకరు ఉంచుకోవాలనీ, చెప్పేవారు ప్రేమతో చెప్పాలనీ, వినేవారు ఓర్పుతో వినాలనీ కోరుతున్నాము. ఆ స్వల్పాయుష్కునికి మనం అర్పించగల నివాళి అదే.