రెండేళ్ళే బడికి పోయిన బెంజమిన్ ఫ్రాంక్లిన్

ఈసారి గోడపత్రికలో నేను అమెరికాకు చెందిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ గురించి రాస్తున్నాను.

ఆయన 1706 జనవరి 17న బోస్టన్ పట్టణంలో పుట్టాడు. అప్పటికి ఆ ప్రాంతం ఇంగ్లీషువాళ్ళ ఏలుబడిలో ఉంది. నాన్న కొవ్వొత్తులు, సబ్బులు చేసి అమ్మేవాడు. 17 మంది పిల్లల్లో ఈయన 15వ వాడు. అంతమందిని చదివించడం కష్టం గదా! రెండేళ్ళు బడికి పంపి, పదేళ్ళకే మాన్పించారు. 12 ఏళ్ళకు అన్న జేమ్స్ ప్రెస్సులో పనికి పెట్టారు. తిండికిచ్చే డబ్బుల్లో కొంత మిగిల్చి పుస్తకాలు కొనుక్కునేవాడు. 16 ఏళ్ళప్పుడు వేరే పేరు పెట్టుకొని వ్యాసాలు రాసి, రాత్రిపూట ప్రెస్సు తలుపు కింద నుంచి లోపలికి తోసేవాడు. తమ్ముడు రాశాడని తెలియక అన్న వాటిని అచ్చువేశాడు.

1723లో అన్నతో పడక ఫిలడెల్ఫియాకు పారిపోయాడు. అక్కడ సొంత ప్రెస్సు పెట్టి, పత్రిక నడిపాడు. 1731లో 50 మంది చందాలు వేసుకొని లైబ్రరీ పెట్టారు. అది ఇప్పటికీ ఉంది. మెరుపులో ఉన్నది కరెంటేనని 1752లో గాలిపటంతో చూపించాడు. పిడుగు నుంచి ఇళ్ళను కాపాడే ఇనుప కడ్డీ కనిపెట్టి, దానికి డబ్బులు అడగలేదు.

నాకు అన్నిటికన్నా గుర్తుండిపోయింది ఇది. ఫిలడెల్ఫియాకు పడమర కొనెస్టోగా అనే చిన్న ఊరు ఉండేది. అందులో ఉన్నది ఆ దేశపు ఆదివాసులు. వాళ్ళు ఎవరి జోలికీ పోలేదు. 1763 డిసెంబరులో తెల్లవాళ్ళ గుంపు గుర్రాల మీద వచ్చి ఆరుగురిని చంపింది. మిగిలిన 14 మందిని లాంకాస్టర్ పట్టణంలో దాచిపెడితే, రెండు వారాలకు అక్కడికీ వచ్చి పిల్లలతో సహా చంపేశారు. ఎవరికీ శిక్ష పడలేదు. అప్పుడు ఫ్రాంక్లిన్ చిన్న పుస్తకం రాసి అచ్చువేశాడు. అందులో షెహేస్ అనే ముసలాయన, ఆయనను చూసుకునే కూతురు పెగ్గీ, ఇంకా చాలామంది పేర్లు రాశాడు. చంపినవాళ్ళది తప్పని గట్టిగా రాశాడు. మరుసటి ఏడాది ఎన్నికల్లో ఓడిపోయాడు కూడా.

తరువాత 1776 స్వాతంత్ర్య ప్రకటన తయారుచేసిన ఐదుగురిలో ఆయన ఒకడు. ఫ్రాన్సుకు పోయి సాయం తెచ్చాడు. 1783లో ఇంగ్లండుతో జరిగిన ఒప్పందం మీద సంతకం చేశాడు.

ఆయన చేసినవన్నీ మంచివి కావు. ఇంట్లో బానిసలను ఉంచుకున్నాడు. ఆదివాసులు ఉండే ఒహాయో నది వైపు భూములు కావాలని అడిగిన కంపెనీలో ఆయనకూ వాటా ఉంది. కానీ ముసలితనంలో బానిసత్వం పోవాలనే సంఘానికి అధ్యక్షుడయ్యాడు. 1790 ఫిబ్రవరిలో ఆ మాటే వాళ్ళ పార్లమెంటుకు అర్జీ పెట్టాడు. వాళ్ళు ఒప్పుకోలేదు. ఏప్రిల్ 17న 84 ఏళ్ళ వయసులో చనిపోయాడు.

కొనెస్టోగా వాళ్ళ పేర్లు వేరేవాళ్ళు రాస్తేనే మనకు తెలిసినాయి. వాళ్ళే రాసుకుని ఉంటే ఇంకా ఎన్ని సంగతులు తెలిసేవో! మనలో చాలామంది ఇళ్ళల్లో మనమే మొదట అక్షరాలు నేర్చుకున్నాం. మన ఊళ్ళ సంగతి మనమే రాయాలి. వచ్చే గోడపత్రికకు ఒక్కొక్కరు మీ ఊరి ముసలివాళ్ళ పేర్లు, వాళ్ళు చెప్పిన సంగతులు ఒక కాగితం మీద రాసి ఇవ్వండి.

– 9వ తరగతి విద్యార్థిని