చార్లెస్ హ్యూస్టన్ జీవితము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో బానిసత్వము 1865లో రద్దయ్యెను. అయినను దక్షిణ రాష్ట్రములలో తెల్లవారి బిడ్డలకొక బడి, నల్లవారి బిడ్డలకొక బడి వేరువేరుగనే నడచుచుండెను. సౌకర్యములు సమానమైనచో వేరుగ నుంచుట తప్పు కాదని 1896లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఒక రైలుపెట్టె వ్యాజ్యమున తీర్పు చెప్పెను. సమానత్వము మాత్రము కాగితముపైననే నిలిచెను. ఈ అన్యాయమును మూలమునుండి పెకలించుటకు పూనుకొనిన మహనీయుడు చార్లెస్ హామిల్టన్ హ్యూస్టన్.

ఈయన 1895 సెప్టెంబరు 3వ తేదీన వాషింగ్టన్ నగరమున జన్మించెను. తండ్రి న్యాయవాది. 1915లో ఆంహర్స్ట్ కళాశాలలో పట్టభద్రుడై, మొదటి ప్రపంచయుద్ధమున సైనికాధికారిగా ఫ్రాన్సునకేగెను. స్వదేశపు సైన్యముననే నల్లవారు పొందిన అవమానములను కన్నులార చూచి, న్యాయశాస్త్రమభ్యసించి తనవారి పక్షమున నిలువవలెనని నిశ్చయించుకొనెను. 1922లో హార్వర్డులో న్యాయశాస్త్ర పట్టమందెను. అచ్చటి న్యాయపత్రిక సంపాదకవర్గమున చేరిన మొదటి నల్లజాతీయుడు ఈయనయే.

1929లో హోవర్డ్ విశ్వవిద్యాలయపు న్యాయకళాశాలను నిర్వహించు భారమును వహించి, రాత్రిపూట నడచు ఆ కళాశాలను పగటి కళాశాలగా తీర్చిదిద్దెను. శిష్యులకు ఆయన కఠినుడు. తెల్లవారి న్యాయస్థానములలో నల్లజాతి న్యాయవాదికి చిన్న పొరపాటునకైనను క్షమ లేదని ఆయన యెరుగును. తర్గుడ్ మార్షల్ ఆయన శిష్యుడే.

1934లో చలనచిత్ర యంత్రమును వెంటగొని దక్షిణ కెరొలినా పల్లెలలో తిరిగి, నల్లవారి పాఠశాలల దుస్థితిని చిత్రించెను. మరుసటి యేట నల్లజాతివారి హక్కులకై పాటుపడు జాతీయ సంఘమునకు న్యాయవాదిగా కుదిరెను. ఆయన యుక్తి సులభమైనది. ఒకరిద్దరు విద్యార్థులకై వేరొక న్యాయకళాశాలను కట్టించుట ఏ రాష్ట్రమునకైనను మోయరాని భారము. కావున ముందు అచ్చటనే దెబ్బతీయవలెను. 1936లో మేరీలాండున మర్రే అను విద్యార్థి పక్షమున గురుశిష్యులిరువురును గెలిచిరి. 1938లో గెయిన్సు వ్యాజ్యమున హ్యూస్టన్ స్వయముగా సుప్రీంకోర్టులో వాదించెను. నల్లజాతి విద్యార్థిని పరరాష్ట్రమునకు పంపి రుసుము చెల్లించిన చాలదనియు, మిస్సోరి రాష్ట్రము తన గడ్డపైననే సమానవిద్య నొసగవలెననియు తీర్పు వచ్చెను.

విరామమెరుగని శ్రమచే గుండె బలహీనమై, 1950 ఏప్రిల్ 22వ తేదీన, 54వ యేట ఆయన కన్నుమూసెను. ఆరు వారములు గడచినంతనే మరొక తీర్పు వెలువడెను. ఓక్లహోమా విశ్వవిద్యాలయమున మెక్లారిన్ అను నల్లజాతి విద్యార్థిని తరగతిలో విడిగా కూర్చుండబెట్టి, గ్రంథాలయములో సైతము వేరొక బల్లను చూపిరి. అది చెల్లదని సుప్రీంకోర్టు పలికెను. 1954 మే 17వ తేదీన, మార్షల్ మున్నగువారు వాదించిన వ్యాజ్యములలో, ప్రభుత్వ పాఠశాలలందు జాతిభేదము రాజ్యాంగవిరుద్ధమని తొమ్మండుగురు న్యాయమూర్తులును ఏకగ్రీవముగ తీర్పు చెప్పిరి. దానిని అమలు పరచుటకు మరల ఎన్నో యేండ్ల పోరాటము కావలసివచ్చెను. 1967లో మార్షల్ ఆ సుప్రీంకోర్టుననే మొదటి నల్లజాతి న్యాయమూర్తియయ్యెను.

విత్తిన చేయి పంటను చూడలేదు. అయినను పంట పండెను. అందరితోపాటు ఒకే బల్లయొద్ద కూర్చుండి ఒక గ్రంథమును చదువుకొనుట యెంత విలువగల హక్కో, గ్రంథాలయమునకు వచ్చు మనకు ఈ మహనీయుని జీవితము తెలియజేయుచున్నది.