విద్యార్థిగా మిగిలిన ఉపాధ్యాయుడు: గిడుగు వేంకట రామమూర్తి పంతులు

ఆంధ్రదేశపు సరిహద్దుకు ఇవతల తెలుగు చదువుకొన్న మనబోటి వారికి గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు చాలా దగ్గరివారు. ఆయన పేరు చెప్పగానే వ్యావహారిక భాషోద్యమం, ఆగస్టు 29న జరుపుకొనే తెలుగు భాషా దినోత్సవం గుర్తుకు వస్తాయి. ఆయన తన జీవితంలో సుమారు 56 సంవత్సరాలు గడిపిన పర్లాకిమిడి నేడు ఒడిశా రాష్ట్రంలో గజపతి జిల్లాకు ముఖ్యపట్టణమనే సంగతి మాత్రం చాలామందికి తట్టదు. ఉద్యమ నాయకునిగా ఆయనను గురించి సభలలో ఎంతో చెప్పుకొంటాం. ఈ ప్లాటినం జూబిలీ సంచికలో నేను ఆయనను బడిపంతులుగానే స్మరించదలిచాను. ఆయన చేసిన పనులన్నిటికీ బీజం పడింది తరగతి గదిలోనే.

రామమూర్తిగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపాన, వంశధార ఒడ్డున ఉన్న పర్వతాలపేటలో జన్మించారు. తల్లి వెంకమ్మ, తండ్రి వీర్రాజు. తండ్రి చిన్న ఉద్యోగి. చోడవరానికి బదిలీ అయి, అక్కడే విషజ్వరంతో 1875లో కన్నుమూశారు. అప్పటికి కుమారునికి పన్నెండేళ్లు. బంధువుల అండతో విజయనగరంలో మహారాజావారి పాఠశాలలో చదువు సాగింది. అక్కడ సహాధ్యాయి గురజాడ అప్పారావుగారు. 1879లో మెట్రిక్యులేషన్ కాగానే చదువు ఆపి సంపాదన చూసుకోవలసి వచ్చింది. 1880లో నెలకు ముప్ఫై రూపాయల జీతం మీద పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో చరిత్ర బోధించే ఉపాధ్యాయునిగా చేరారు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ., 1896 నాటికి బి.ఏ. పూర్తి చేశారు. పాఠశాల కళాశాలగా మారినప్పుడు కళాశాల తరగతులకు పాఠం చెప్పే అర్హత ఆయనకు ఆ విధంగా సమకూరింది.

పట్టా కోసం చదివిన చదువు కంటే, ఎవరూ అడగకుండా చదివిన చదువే ఆయన జీవితాన్ని మలచింది. చరిత్ర పాఠం చెప్పే ఉపాధ్యాయునికి పాఠ్యపుస్తకం చాలునని ఆ రోజులలో అందరూ అనుకొనేవారు. రామమూర్తిగారికి చాలలేదు. ముఖలింగంలోని ఆలయాల స్తంభాల మీద, గోడల మీద శాసనాలున్నాయి. తన ఊరి పక్కనే చరిత్ర రాతి మీద చెక్కి ఉండగా, తాను దానిని చదవలేకపోవడం ఆయనకు కొరతగా తోచింది. గురువు లేడు. పాత లిపులను తనంత తానే సాధన చేసి, గాంగరాజుల వంశక్రమాన్ని విడదీసి, పండిత పత్రికలలో వ్యాసాలు ప్రకటించారు. వజ్రహస్తుని నడగాం తామ్రశాసనాన్ని పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికాలో వెలువరించారు. తూర్పు గాంగుల రాజధాని అయిన కళింగనగరం ఈ ముఖలింగమేనని వాదించారు. ఒక జమీందారీ పట్టణంలోని స్కూలు మాస్టరు రాసిన దానిని దేశంలోని చరిత్రకారులు పట్టించుకొన్నారంటే, ఆ వ్యాసాలలోని పట్టు ఎటువంటిదో గ్రహించవచ్చు.

ఇక సవరల సంగతి. పర్లాకిమిడి సంతకు కొండల మీది నుండి సవరలు దిగి వచ్చేవారు. అడవి సరుకు తెచ్చి అమ్ముకొని, కావలసినవి కొనుక్కొని పోయేవారు. పట్టణవాసులకు వారితో ఉన్న పరిచయం బేరమాడటం వరకే. వారికీ ఒక భాష ఉన్నదని, దానికీ ఒక వ్యాకరణం ఉండి తీరుతుందని తలచినవారు అరుదు. రామమూర్తిగారు తలచారు. తెలుగు, సవర రెండూ తెలిసిన ఒక వ్యక్తిని తమ ఇంట్లోనే ఉంచుకొని ఆ భాష నేర్చుకోవడం మొదలుపెట్టారు. ఆచారనిష్ఠ గల బ్రాహ్మణ కుటుంబంలో, ఆనాటి సమాజంలో, ఇది ఎంత పెద్ద అడుగో ఇప్పటి పిల్లలకు విడమరచి చెప్పవలసి ఉంటుంది. పైగా, ఇక్కడ ఉపాధ్యాయుడు శిష్యుని స్థానంలో కూర్చున్నాడు. కొండవాసి గురువైనాడు.

సవర భాష ద్రావిడ కుటుంబానికి గాని, ఆర్య భాషలకు గాని చెందినది కాదు. ముండా భాషలలో అది ఒకటి. గొంతులో గాలిని క్షణకాలం బిగబట్టి విడిచే ధ్వని అందులో ఉన్నది. మన అచ్చులకు సరిపడని అచ్చులున్నాయి. తెలుగు లిపిలో వాటిని రాయబోతే సగం జారిపోతాయి. అందువల్ల రామమూర్తిగారు అప్పటికి ఐరోపాలో కొత్తగా పెంపొందుతున్న ధ్వనిశాస్త్ర గ్రంథాలను తెప్పించుకొని చదివారు. విన్నదానిని విన్నట్లు రాసుకొనే పద్ధతిని అలవరచుకొన్నారు. ఆ కష్టం ఒకటి రెండేళ్లతో తీరేది కాదు. 1931లో సవర వ్యాకరణ గ్రంథం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యే నాటికి సుమారు నలభై ఏళ్ల శ్రమ గడిచింది. వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వమే ముద్రించింది. కుమారుడు సీతాపతిగారు కూడా ఈ పనిలో తండ్రికి చేదోడుగా నిలిచారు.

నేర్చుకొన్నంతతో ఆయన ఊరుకోలేదు. ఎవరి నోటి నుండి ఆ భాష తనకు లభించిందో, వారి పిల్లలకు దానిని బడి రూపంలో తిరిగి అప్పగించాలని తలపెట్టారు. సవరలో వాచకాలు రాశారు, పాటలు, కథలు సేకరించారు. స్వంత సొమ్ముతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలిచ్చి, సవర బాలురకు సవరలోనే చదువు చెప్పించారు. ముప్ఫై రూపాయలతో ఉద్యోగం మొదలుపెట్టిన వ్యక్తి స్వంత సొమ్ము అంటే ఎంత ఉంటుందో సంసారులందరికీ తెలిసినదే. సవర వాచకాలకు ప్రభుత్వం ప్రతిఫలం ఇవ్వజూపినప్పుడు, తమకు వద్దని, ఆ ధనాన్ని సవరల చదువుకే వినియోగించమని కోరినట్లు ఆయన జీవితం రాసినవారు చెబుతారు. ఉపకారానికి మాటలతో కృతజ్ఞత చెప్పేవారు లోకంలో కొల్లలు. ఆయన తీర్చిన పద్ధతి వేరు.

దీనికి ఆయన చెల్లించిన మూల్యం డబ్బు ఒక్కటే అయి ఉంటే ఇంతగా చెప్పుకోవలసిన పని లేదు. సవర కొండలలో తిరిగే రోజులలో మన్యపు జ్వరం సోకింది. దానికి క్వినైను తప్ప వేరే మందు లేని కాలం. ఆ మందు జ్వరాన్ని అణచింది గాని వినికిడిని హరించింది. ఆ చెవుడు జీవితాంతం ఆయనను విడువలేదు. ధ్వనుల సూక్ష్మభేదాలను పట్టుకోవడమే పనిగా పెట్టుకొన్నవానికి ఇంతకంటె గట్టి దెబ్బ ఏముంటుంది? వ్యాకరణం అచ్చయింది, నిఘంటువు పూర్తయింది, తెలుగు దేశమంతటా ఉపన్యాసాలు సాగాయి. ఎదుటివారి వాదం సరిగా వినపడకపోయినా ఆయన సమాధానం చెప్పడం మాత్రం మానలేదు.

1907 ప్రాంతంలో ఉత్తరాది జిల్లాల పాఠశాలల పర్యవేక్షకునిగా జె. ఏ. యేట్సు అనే ఆంగ్లేయుడు వచ్చాడు. బడిలో పిల్లలు చదివే తెలుగుకు, ఇంట్లో వారు మాట్లాడే తెలుగుకు ఇంత దూరమెందుకని అతడు ఉపాధ్యాయులను అడిగాడు. సంతృప్తికరమైన సమాధానం దొరకలేదు. విశాఖపట్నంలో మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాల అధ్యక్షులు పి. టి. శ్రీనివాస అయ్యంగారు, ఈ విషయం చెప్పగలవారు గురజాడ, గిడుగు ఇద్దరేనని సూచించారు. విజయనగరంలో ఒకే పాఠశాలలో చదువుకొన్న ఆ ఇద్దరు మిత్రుల కృషి అక్కడ మళ్లీ కలిసింది. గురజాడ కవి, నాటకకర్త. గిడుగు పరిశోధకుడు, వాది. 1915లో గురజాడ అస్తమించిన పిదప భారమంతా రెండవ వారి మీద పడింది.

ఇక్కడ నా అభిప్రాయమొకటి చెప్పాలి. సాధారణంగా గిడుగువారి సవర కృషిని ఒక అధ్యాయంగా, తెలుగు ఉద్యమాన్ని మరొక అధ్యాయంగా విడదీసి చెబుతారు. నాకు మొదటిది లేకుండా రెండవది లేదనిపిస్తుంది. సవర పిల్లవానికి తెలుగులో చదువు చెబితే ఎంత కష్టమో ఆయన కళ్లారా చూశారు. ఆ చూపుతో తమ తరగతి వైపు తిరిగితే, తెలుగు పిల్లవాడు కూడా తనది కాని భాషలో తడబడుతూ కనిపించాడు. పుస్తకంలో లేని భాషను నోటి నుండి నేర్చుకొన్న అనుభవమే, మాట్లాడే భాషకు నియమాలున్నాయని, అది చెడిపోయిన భాష కాదని ఆయనకు నిరూపించింది. తెలుగుకు దక్కిన ఈ మేలులో సవరల పాలు ఉన్నదని మనం ఒప్పుకోవాలి. మన తరగతులలోనూ, ఇంట్లో వేరొక భాష మాట్లాడే పిల్లలు కొందరు మౌనంగా కూర్చుంటూ వచ్చారు. తెలుగు మాధ్యమం కోసం ఇన్నేళ్లు పాటుపడిన మనం వారిని ఎంతమాత్రం గమనించామనేది ఉపాధ్యాయులుగా మనలను మనం అడుగుకోవలసిన ప్రశ్న.

వాదంలో రామమూర్తిగారు ఆవేశం మీద ఆధారపడలేదు. 1911లో ముప్ఫై ఏళ్ల సర్వీసు పూర్తి చేసి విశ్రాంతి తీసుకోగానే పూర్తికాలం ఈ పనికి పూనుకొన్నారు. జయంతి రామయ్య పంతులుగారి నాయకత్వంలో ఆంధ్ర సాహిత్య పరిషత్తు గ్రాంథికం పక్షాన గట్టిగా నిలిచింది. స్కూలు ఫైనలు వ్యాసరచనలో వాడుక భాషకు అనుమతి వచ్చినట్లే వచ్చి, కొద్దికాలానికే వెనక్కు పోయింది. అప్పుడాయన ఎన్నుకొన్న దారి విచిత్రమైనది. ప్రత్యర్థుల గ్రంథాలనే తెరిచి చదివారు. గ్రాంథికమే రాయాలని శాసించే పండితులు తమ రచనలలో ఆ వ్యాకరణాన్ని ఎక్కడెక్కడ తప్పారో పేజీల వారీగా ఏరి చూపించారు. బాలకవి శరణ్యము, ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజము అనే గ్రంథాలు ఆ కోవకు చెందినవి. ఆ పేర్లలోని కొంటెతనం గమనించదగినది. ఇంతటి దీక్షాపరునిలో ఇంత చమత్కారం ఉండటం నాకు మాత్రం ఆనందం కలిగిస్తుంది. మరొక వైపు, పూర్వకాలపు వచన రచనలను గాలించి, వాడుక రూపాలు మన వచనంలో శతాబ్దాలుగా ఉన్నవేనని గద్యచింతామణిలో రుజువు చేశారు. ముఖలింగం స్తంభాల దగ్గర అలవడిన పరిశోధన, సాక్ష్యం లేనిదే మాట ఆడకపోవడం, ఇక్కడ అక్కరకు వచ్చాయి.

1919లో తెలుగు అనే మాసపత్రికను నడిపారు. అది సుమారు ఒక సంవత్సరమే సాగింది. ఆ సంవత్సరమే రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడగా, కందుకూరి వీరేశలింగంగారు దానికి అధ్యక్షులైనారు. గ్రాంథిక గద్యంలో పెద్ద చేయి అనిపించుకొన్న వీరేశలింగంగారు చివరి దశలో మనసు మార్చుకొని ఈ పక్షానికి రావడం సామాన్య విషయం కాదు. మే నెలలో ఆయన కన్నుమూశారు. గిడుగువారు ఊరూరా తిరిగి, పుస్తకాల మూటలతో సభలకు వెళ్లి, గంటల తరబడి ఉదాహరణలు చదివి వినిపించారు. 1924లో సాహిత్య పరిషత్తు వాడుక భాషపై నిషేధాన్ని ఎత్తివేసింది.

ప్రభుత్వం 1934లో కైజర్–ఇ–హింద్ స్వర్ణపతకం ఇచ్చింది. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదుతో గౌరవించింది. ఈ రెండు గౌరవాల నడుమ ఆయనకు ఒక పెద్ద దుఃఖం కలిగింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి, పర్లాకిమిడి అందులో చేరింది. ఆ పట్టణం మద్రాసు రాష్ట్రంలోనే ఉండాలని ఆయన పోరాడారు. ఒరిస్సా పక్షాన నిలిచినవారిలో ప్రముఖులు, తాము ముప్ఫై ఏళ్లు కొలువు చేసిన పాఠశాలకు ప్రభువైన రాజవంశీయులే. నిర్ణయం ఎదురు తిరిగింది. డెబ్బై రెండేళ్ల వయసులో, వినికిడి లేని శరీరంతో, యౌవనం మొదలు బతికిన ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరారు. ఆ నిర్ణయం సరి అయినదా, అక్కడే ఉండి తెలుగు బడులను కాచుకోవలసినదా అని ఇప్పటికీ మన పెద్దలలో చర్చ జరుగుతుంటుంది. సరిహద్దుకు ఇవతల ఉండిపోయిన కుటుంబాలకు ఆ ప్రశ్న కేవలం చరిత్ర కాదు. ఇంకొక సంగతి. అదే 1936లో సవరలలోనే పుట్టిన మంగై గొమాంగో తమ భాషకు సొరంగ్ సోంపెంగ్ అనే స్వంత లిపిని రూపొందించారు.

రాజమహేంద్రవరం చేరిన తరువాత కూడా ఆయన పని ఆగలేదు. సవర నిఘంటువు అచ్చయినది ఆ రెండేళ్లకే. 1940 జనవరి 15న మద్రాసులో ప్రజామిత్ర కార్యాలయంలో పత్రికా సంపాదకులను కలుసుకొని మాట్లాడారు. విద్యాశాఖ, విశ్వవిద్యాలయాలు ఇంకా గ్రాంథికాన్నే పట్టుకొని ఉన్నప్పటికీ, పత్రికలు వాడుక భాషను స్వీకరించినందుకు ఆనందం ప్రకటించారు. మిగిలిన పని ఇక మీదని వారికి అప్పగించారు. వారం గడిచి, జనవరి 22న ఆయన కన్నుమూశారు.