హైదరాబాద్ రహీం సార్: ఆటగాడి ఒంటిని చదివిన కోచ్

మేడ్చల్ రైలు మార్గంలో బొల్లారం, అల్వాల్ దాటాక అమ్ముగూడ అని ఒక చిన్న స్టేషన్ ఉంది. ఆ ఊరి కుర్రాడే తులసీదాస్ బలరాం. 1956లో, 1960లో ఇండియా తరఫున ఒలింపిక్స్‌లో ఫుట్‌బాల్ ఆడాడు. సిటీలో ప్రాక్టీసుకి రావడానికి ఛార్జీలకి డబ్బుల్లేవంటే, సైకిలు అద్దె తన జేబులోంచి ఇచ్చి మరీ రప్పించుకున్న కోచ్ ఒకాయన ఉన్నాడని చెప్తారు. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా చూసినవాళ్ళకి పేరు తెలిసే ఉంటుంది. సినిమా పక్కన పెట్టి, ఆయన జీవితాన్ని నేను ఇంకో వైపు నుంచి చెప్తాను.

రహీం 1909లో హైదరాబాద్‌లో పుట్టాడు. ఉస్మానియాలో చదివి, బడి పంతులయ్యాడు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేశాడు. చనిపోయేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీ ఆయనే. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ టీంని చేతిలోకి తీసుకున్నాడు. ఆ టీం 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ కొట్టింది. ఇండియా కోచ్‌గా 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారం తెచ్చాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనవాళ్ళు నాలుగో స్థానంలో నిలిచారు.

ఆయన పద్ధతులు మస్తు ఇంట్రెస్టింగ్‌గా ఉంటాయి. డ్రిబ్లింగ్ చేయకూడదని రూలు పెట్టి పోటీలు ఆడించేవాడు. కుడి కాలి వాటం ఉన్నవాణ్ణి ఎడమ కాలితోనే ఆడమనేవాడు. ఎవడి ఒంట్లో ఏ భాగం బలహీనమో కనిపెట్టి, దాని మీదే పని చేయించడం ఆయన అలవాటు. ఇదే పనిని ఇవాళ ల్యాబులో సెన్సర్లు, కెమెరాలు పెట్టి చేస్తున్నారు. రహీం సార్ దగ్గర ఉన్నవి రెండు కళ్ళు, ఒక విజిల్.

ఇక 1962 జకార్తా. గ్రూప్ దశలో థాయ్‌లాండ్‌తో ఆడుతుండగా డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. జపాన్ మ్యాచ్‌కి బయటే కూర్చున్నాడు. సెమీస్ వచ్చేసరికి రహీం అతణ్ణి వెనక కాకుండా ముందు, సెంటర్ ఫార్వర్డ్‌గా దింపాడు. అతను కాలేజీ రోజుల్లో ఫార్వర్డ్‌గా ఆడిన సంగతి ఆయనకి తెలుసు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద, గోల్ కీపర్ తంగరాజ్ జ్వరం నుంచి లేచి వచ్చి నిలబడ్డాడు. సెప్టెంబర్ 4న మనం 2-1తో గెలిచాం. ఒక గోల్ పి.కె. బెనర్జీది, రెండోది తల మీద కుట్లున్న జర్నైల్‌ది. పురుషుల ఫుట్‌బాల్‌లో ఆసియా క్రీడల బంగారం మళ్ళీ మనకి రాలేదు.

ఈ కథ విన్న ప్రతివాడూ చప్పట్లు కొడతాడు. నేనూ కొట్టాను. కానీ ఒక్కసారి ఆలోచించండి. కుట్లు ఆరని తలతో ఒకతను హెడింగ్ చేయాల్సిన చోట ఆడుతున్నాడు. ఆడొచ్చా లేదా అని చెప్పాల్సింది ఎవరు? గెలుపు కావాల్సిన కోచా, ఎలాగైనా ఆడతానంటున్న ఆటగాడా? ఆ రోజుల్లో సబ్‌స్టిట్యూట్లు కూడా లేవు. వరల్డ్ కప్‌లోకే అవి 1970లో వచ్చాయి. గాయపడినవాడు బయటికొస్తే టీం పదిమందితో ఆడాలి. అందుకే కుంటుతూనైనా ఆడేవాళ్ళు.

ఈ ప్రశ్నకి జవాబుగా ఇవాళ ఒక మనిషి ఉన్నాడు. అతనే స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టర్. ఐదున్నరేళ్ళ ఎంబీబీఎస్ (ఇంటర్న్‌షిప్‌తో కలిపి), ఆ పైన మూడేళ్ళ ఎండీ. వ్యాయామం చేసేటప్పుడు గుండె, ఊపిరితిత్తులు, కండరాలు ఎలా పనిచేస్తాయో చదువుతాడు. బయోమెకానిక్స్ చదువుతాడు, అంటే మన మెకానిక్స్ పేపరే ఒంటి మీద. కత్తి పట్టి లిగమెంట్ కుట్టేది ఆర్థోపెడిక్ సర్జన్, వ్యాయామాలు చేయించి నడిపించేది ఫిజియో. సీజన్‌కి ముందు గుండె పరీక్ష దగ్గర నుంచి, తిండి, నిద్ర, వాడే మందులో నిషిద్ధ పదార్థం ఉందా అని చూడడం, చివరికి మళ్ళీ ఎప్పుడు గ్రౌండ్‌లోకి దిగాలో తేల్చడం దాకా చూసేది ఈ డాక్టర్. తలకి దెబ్బ తగిలి కంకషన్ అని అనుమానం వస్తే చాలు, ఇవాళ ఆటగాణ్ణి బయటికి తీసెయ్యాలి. అది ఫైనలా, ఫ్రెండ్లీయా అన్న లెక్క లేదు.

శామీర్‌పేట వెళ్ళే రాజీవ్ రహదారి మీద హకీంపేట స్పోర్ట్స్ స్కూల్ ఉంది కదా. అక్కడ నాలుగో తరగతి నుంచే పిల్లల్ని చేర్చుకుంటారు. ఎముకలింకా పెరుగుతున్న వయసు అది. ఎముక చివర ఎదిగే చోట దెబ్బ తగిలితే, సరిగ్గా చూడకపోతే ఎదుగుదలే దెబ్బతినొచ్చు. పెద్దవాళ్ళ ప్రాక్టీసు వాళ్ళ మీద రుద్దితే పతకం సంగతేమో గానీ మోకాలు పోతుంది. ఇలాంటి పిల్లలున్న ప్రతి చోటా ఒక స్పోర్ట్స్ డాక్టర్ ఉండాలన్నది నా మాట. మన ఇంటర్ కాలేజ్ మ్యాచుల్లో మడమకి స్ప్రే కొట్టి, క్రేప్ బ్యాండేజ్ చుట్టి పంపడాన్ని మనం దమ్ము అంటున్నాం. నాకు మాత్రం అది దమ్ములా అనిపించట్లేదు.

రహీం సార్‌ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. జకార్తా నాటికే ఆయన ఆరోగ్యం బాగాలేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 1963 జూన్ 11న చనిపోయాడు. గెలిచిన తర్వాత నిండా పది నెలలు కూడా లేడు. ఆ ఏడాదే అమ్ముగూడ బలరాం క్షయ వచ్చి ఇరవై ఏడేళ్ళ లోపే ఆట మానేశాడు. గురువు, శిష్యుడు ఇద్దరూ ఊపిరి దగ్గరే ఆగారు. తన టీంలో ప్రతివాడి కాలి బలం కొలిచిన ఆ మనిషిని ఆపి, సార్ ముందు మీ ఛాతీ చూడనివ్వండి అనే హక్కున్న డాక్టర్ ఒకరు ఆ బెంచీ మీద ఉండి ఉంటే బాగుండేది. గెలుపోటములతో నిమిత్తం లేకుండా వద్దు అనగలిగే ఆ ఒక్కరి కోసమే ఇప్పుడు ఎనిమిదిన్నరేళ్ళ చదువు పెట్టారు.